పాపకు వారం మాత్ర వేయాలా, వద్దా?

పల్నాడు వైపు ఒక పట్టణం నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు. ఇంట్లోనే జాకెట్లు, గౌన్లు కుడతారు. భర్త లారీ డ్రైవరు, నెలలో సగం రోజులు రోడ్డు మీదే ఉంటారు. పెద్దది పాప. ఎనిమిదేళ్లు, 22 కిలోలు. చిన్నవాడికి ఏడు నెలలు.

పాపకు నాలుగో ఏట తలలో పొట్టు రాలడంతో మొదలైంది. చుండ్రు అనుకున్నారు. తర్వాత మోచేతుల మీద, మోకాళ్ల మీద పెచ్చులు కట్టాయి. ఒకరు తామర అన్నారు, ఒకరు గజ్జి అన్నారు. గుంటూరులో చర్మ డాక్టరు సోరియాసిస్ అని తేల్చారు. రెండేళ్లు పూతమందులతోనే నెట్టుకొచ్చారు. పోయిన వానాకాలంలో గొంతునొప్పి, జ్వరం వచ్చి తగ్గాక ఒళ్లంతా చిన్న చిన్న ఎర్ర మచ్చలు లేచి, ఒకదానితో ఒకటి కలిసిపోయాయి. ఊళ్లో ఆర్ఎంపీ రెండుసార్లు ఇంజెక్షన్ చేస్తే మంత్రం వేసినట్టు తగ్గింది. నెల తిరగకముందే అంతకు రెట్టింపుగా వచ్చింది. ఇప్పుడు పొద్దున్నే పక్క దులిపితే బొంబాయి రవ్వలా పొట్టు రాలుతోంది. బడిలో పాపను వెనక బెంచీకి మార్చారు. ఎండల్లో కూడా పొడుగు చేతుల గౌనే వేసుకుంటోంది.

డాక్టరు మెథోట్రెక్సేట్ 5 మిల్లీగ్రాముల మాత్ర వారానికి ఒకటి, దానితో పాటు ఫోలిక్ యాసిడ్ మాత్ర రాశారు. మెడికల్ షాపు అబ్బాయి అట్ట చేతికిస్తూ "ఇది కేన్సర్ మందు కదమ్మా, ఇంత చిన్నపిల్లకా?" అన్నాడట. మూడు వారాలుగా ఆ అట్ట బీరువాలోనే ఉంది. "ఆడపిల్ల, రేపు దానికి పిల్లలు పుట్టొద్దా?" అంటున్నారు అత్తగారు. పక్క ఊళ్లో పసరు మందు ఇచ్చే ఆయన దగ్గరకు వెళదామని పట్టుబడుతున్నారు. భర్త ఫోన్లో "డాక్టరు చెప్పింది వెయ్యి" అని పెట్టేస్తున్నారు. ఈలోగా చిన్నవాడికి లంగోటా కట్టే చోట ఎర్రగా కందింది, వాడికీ ఈ మాత్రలే గతా అని భయం. "వేస్తే నా చేత్తో నేనే విషం పెట్టినట్టు, వేయకపోతే బిడ్డను గాలికి వదిలేసినట్టు ఉంది. రాత్రుళ్లు నిద్ర లేదు" అని రాశారు.

అమ్మా, మీ నాలుగు పేజీల ఉత్తరంలో మాత్ర గురించే మూడు పేజీలు ఉంది. మూడో పేజీ అడుగున మీరు రాసి వదిలేసిన ఒక మాట దగ్గర మాత్రం నేను ఆగిపోయాను. "పొద్దున లేవగానే కాసేపు వేళ్లు ముడవలేనంటుంది. పెన్సిలు పట్టుకోమంటే ఏడుస్తుంది. బడి ఎగ్గొట్టడానికేమో" అని రాశారు. బడి ఎగ్గొట్టడానికి కాకపోవచ్చు. సోరియాసిస్ ఉన్న పిల్లల్లో కొందరికి కీళ్లవాపు కూడా వస్తుంది. నిద్ర లేచాక కీళ్లు బిగుసుకుని ఉండి, ఆడుతూ తిరుగుతూ ఉంటే పది పదకొండు గంటలకు వదులవడం దాని పద్ధతి. ఒక వేలు మొత్తం వాచి లావుగా కనిపించడం, గోళ్ల మీద సూదితో పొడిచినట్టు చిన్న గుంటలు ఉండడం కూడా చూడండి. ఈ సంగతి డాక్టరుకు చెప్పారో లేదో మీరు రాయలేదు. చెప్పకపోతే వచ్చే నెల దాకా ఆగకుండా ఈ వారమే చెప్పండి. కీళ్లవాపు ఉన్న పిల్లలకు కొన్నిసార్లు నొప్పి, ఎరుపు ఏవీ లేకుండానే కంటి లోపల వాపు వస్తుంది. కాబట్టి కంటి డాక్టరుకూ ఒకసారి చూపించాల్సి ఉంటుంది.

ఈ వేళ్ల సంగతి ముందు ఎందుకు ఎత్తానంటే, అది నిజంగా కీళ్లవాపే అయితే మీ ముందున్న దారుల లెక్క మారిపోతుంది. పూతమందు చర్మం దాటి కీలు దాకా పోదు. కాంతి చికిత్సా అంతే. మెథోట్రెక్సేట్ చర్మం మీదా కీళ్ల మీదా రెండింటి మీదా పనిచేస్తుంది. వేళ్లలో ఏమీ లేదని తేలితే మీకు ఇంకాస్త వెసులుబాటు ఉంటుంది. నేను పాపను చూడలేదు. చూసిన డాక్టరు మాటే నా మాటకంటే ముందు. నేను చేయగలిగింది ఆ చీటీని మీ పక్కన కూర్చుని చదవడం.

ముందు ఆ "కేన్సర్ మందు" అన్న మాట చూద్దాం. అబద్ధం కాదు. మెథోట్రెక్సేట్‌ను కేన్సర్‌లోనూ వాడతారు. అయితే మోతాదు చూడండి. పిల్లల్లో వచ్చే ఒక రకం ఎముక కేన్సర్‌కు దీన్ని ఆసుపత్రిలో ఉంచి, గ్రాముల లెక్కన ఎక్కిస్తారు. మీ పాపకు రాసింది వారానికి 5 మిల్లీగ్రాములు. గ్రాములో వెయ్యో వంతు మిల్లీగ్రాము. 22 కిలోల బరువుకు అది కిలోకు 0.2 మిల్లీగ్రాముల పైచిలుకు. పిల్లల సోరియాసిస్‌లో మొదలుపెట్టే మోతాదు మామూలుగా కిలోకు 0.2 నుంచి 0.4 మధ్యన ఉంటుంది. అంటే మీ డాక్టరు కింది మెట్టు నుంచే మొదలుపెట్టారు.

ఇంకో సంగతి కూడా చెప్పాలనిపిస్తోంది. మీ చీటీలో ఉన్న రెండు మాత్రల వెనకా మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఉన్నారు. అమెరికాలో లెడర్లే ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. దాని పనిని అడ్డుకునే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ కూడా అక్కడివే. వీటితో పిల్లల రక్త కేన్సర్‌కు వైద్యం మొదలైన కొద్దికాలానికే, 1951లో, కీళ్లవాపు రోగులకు అమినోప్టెరిన్ ఇచ్చి చూస్తున్న డాక్టర్లు వాళ్లలో సోరియాసిస్ మచ్చలు మాయమవడం గమనించారు. మామూలుగా చర్మం పైపొర మారడానికి నెల పడితే సోరియాసిస్‌లో నాలుగైదు రోజుల్లోనే కొత్త పొర తోసుకొస్తుంది. అదే మీరు పక్క మీద దులుపుతున్న పొట్టు. ఒంట్లోని రక్షణ వ్యవస్థ దారి తప్పి చేస్తున్న ఆ తొందరను చిన్న మోతాదు మెథోట్రెక్సేట్ నెమ్మది చేస్తుంది. ఆ అబ్బాయి మందు పేరు సరిగ్గానే చెప్పాడు, కానీ మోతాదు చూడలేదు.

మీ భయాన్ని పోగొట్టాలని నాకు లేదమ్మా. దాన్ని ఉండాల్సిన చోట పెట్టాలని ఉంది. ఈ మందులో నిజంగా భయపడాల్సింది ఒకటుంది. వారానికి ఒకసారి వేయాల్సిన మాత్రను పొరపాటున రోజూ వేయడం. ఈ ఒక్క పొరపాటు వల్ల రక్తకణాలు పడిపోయి, నోరంతా పూసి, ప్రాణాలు పోయినవాళ్లు ఉన్నారు. మీ ఇంట్లో ఆ ప్రమాదం ఇంకొంచెం ఎక్కువే అనుకోండి. మీరు కుట్టుపనిలో ఉంటే అత్తగారు వేస్తారు, ఆయన ఇంటికొచ్చిన రోజు ఆయన వేస్తారు. కాబట్టి మాత్ర వేసే మనిషి ఒక్కరే ఉండాలి, అది మీరే. శనివారం ఒక్కపొద్దు ఉంటానని రాశారు కదా, ఆ రోజే పెట్టుకోండి. రాత్రి పాప అన్నం తిన్నాక వేయండి. వికారం ఉన్నా నిద్రలో పోతుంది, మర్నాడు ఆదివారం కనుక బడి బాధ లేదు. గోడ మీది క్యాలెండరులో ఆ శనివారం చుట్టూ సున్నా చుట్టండి. ఇంట్లో నెలకు సరిపడా నాలుగైదు మాత్రల కంటే ఎక్కువ ఉంచకండి. ఫోలిక్ యాసిడ్ ఏ రోజుల్లో వేయాలో డాక్టరు చేత తెలుగులో రాయించుకోండి. రెండు అట్టలూ ఒకే డబ్బాలో మాత్రం పెట్టొద్దు. ఒక శనివారం మర్చిపోతే ఆదివారమో సోమవారమో వేయొచ్చు. అంతకు మించి ఆలస్యమైతే ఆ వారానికి వదిలేయండి. వచ్చే వారం రెండు వేయడం ఎప్పుడూ వద్దు.

చిన్నవాడు పాకే వయసుకు వస్తున్నాడు. మాత్రలు బీరువా పై అరలో ఉండాలి.

మొదలుపెట్టే ముందు రక్తకణాల లెక్క, లివరు, కిడ్నీ పరీక్షలు చేయించాలి. కామెర్ల వైరస్‌లు బి, సి ఉన్నాయేమో, టీబీ ఉందేమో కూడా చూస్తారు. చేయించకుండానే మాత్ర రాశారనిపిస్తే మొహమాటపడకుండా అడగండి. మొదలుపెట్టాక ఒకటి రెండు వారాలకు ఒకసారి, తర్వాత కొన్నాళ్లు నెలనెలా, అంతా బాగుంటే రెండు మూడు నెలలకోసారి రక్తం ఇవ్వాలి. గుంటూరు దాకా ప్రతిసారీ పోనక్కరలేదు. మీ ఊళ్లోనే చేయించి కాగితం ఫొటో పంపితే చాలేమో అడిగి చూడండి. రక్తపరీక్షలు చేయించలేని పరిస్థితి ఉంటే ఈ మందు మొదలుపెట్టకపోవడమే మేలు. అది దాచకుండా డాక్టరుకు చెప్పండి, తప్పేం లేదు.

పాప టీకాల కార్డు వెతకండి. తట్టు టీకా రెండు డోసులూ పడ్డాయా? ఆటలమ్మ వచ్చిందా, దాని టీకా ఎప్పుడైనా వేయించారా? ఇవి బతికున్న క్రిములతో చేసే టీకాలు, మెథోట్రెక్సేట్ వాడుతుండగా మామూలుగా వేయరు. అవసరమైతే ముందే వేసి, కొన్ని వారాలు ఆగి మాత్ర మొదలుపెడతారు. వాడుతున్న రోజుల్లో బడిలో ఎవరికైనా ఆటలమ్మ పోసిందని తెలిస్తే వెంటనే ఫోన్ చేయండి.

జ్వరం వచ్చినా, నోటిపూత వచ్చినా, తగ్గని పొడిదగ్గు, ఆయాసం ఉన్నా, కళ్లు పచ్చబడినా, దెబ్బ తగలకుండా ఒంటి మీద నల్లగా కమిలినా, వాంతులు విరేచనాలతో నీళ్లు ఒంట్లో నిలవకపోయినా ఆ వారం మాత్ర ఆపి డాక్టరును అడగండి. ఆర్ఎంపీ దగ్గరకు ఏ జబ్బుతో వెళ్లినా "పాప మెథోట్రెక్సేట్ వాడుతోంది" అని ముందే చెప్పండి. కోట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్ సిరప్ దీనితో కలిస్తే రక్తకణాలను పడగొడుతుంది. జ్వరానికి పారాసిటమాల్ వేయొచ్చు. ఐబుప్రొఫెన్ కలిసిన సిరప్‌లు మాత్రం అడగకుండా వేయకండి.

ఇక మీ అత్తగారి ప్రశ్న. అది కొట్టిపారేయాల్సిన ప్రశ్న కాదు, అడగాల్సిందే. ఈ చిన్న మోతాదులో మెథోట్రెక్సేట్ వాడిన ఆడపిల్లకు పెద్దయ్యాక పిల్లలు పుట్టరు అనడానికి ఆధారం లేదు. మందు వాడుతున్నప్పుడు గర్భం వస్తేనే కడుపులో బిడ్డకు ప్రమాదం. అందుకే పెద్దవాళ్లకైతే ముందుగా ఆపిస్తారు. ఎనిమిదేళ్ల పిల్లకు ఆ ఇబ్బంది లేదు. ఆమె ప్రశ్న గట్టిగా తగలాల్సింది అసిట్రెటిన్ అనే ఇంకో మందుకు. అది ఒంట్లో వేరే రూపంలోకి మారి కొవ్వులో నిల్వ ఉండిపోవచ్చు, అందుకే ఆపిన తర్వాత కూడా 3 ఏళ్ల పాటు గర్భం రాకూడదు. ఎక్కువకాలం వాడితే ఎదిగే ఎముకల మీద కూడా ఒక కన్ను వేసి ఉంచాలి. చీము పొక్కులతో వచ్చే సోరియాసిస్‌లో అది బాగా పనిచేస్తుంది కానీ, ఆడపిల్లలకు, అందులోనూ ఈడుకు దగ్గరపడుతున్న వాళ్లకు, చాలామంది డాక్టర్లు దాన్ని వెనక్కే పెడతారు. ఈ తేడా అత్తగారికి వివరంగా చెప్పండి. ఆమె అడిగింది మనవరాలి మంచి కోసమే.

మాత్ర వద్దనుకుంటే ఏముంది అని అడిగారు. కాంతి చికిత్స ఉంది. గాజు గదిలాంటి పెట్టెలో కళ్లద్దాలు పెట్టుకుని కాసేపు నిలబడితే చాలు, ఎనిమిదేళ్ల పిల్ల చేయగలదు. రక్తపరీక్షల గొడవ లేదు, లివరు భయం లేదు. అయితే వారానికి రెండు మూడుసార్లు, నెలల తరబడి పోవాలి. ఆ యంత్రం ఉన్న ఊరికి మీకు రానూపోనూ ఎంత దూరం, అన్ని రోజుల కుట్టుపని, అంత బడి, చంకలో పసివాడు. ఇవన్నీ లెక్కేసుకుని చెప్పాల్సింది మీరే. వేళ్లలో ఏమీ లేదని తేలి, ప్రయాణం కుదిరేటట్టయితే ఇది నిజంగా ఆలోచించదగ్గ దారి.

పూతమందులతోనే ఇంకొన్నాళ్లు చూద్దాం అంటారా? ఒక లెక్క చేయండి. పాప అరచెయ్యి, వేళ్లతో కలిపి, దాని ఒంటిలో దాదాపు నూరో వంతు. మచ్చలన్నీ కలిపి అలాంటి అరచేతులు ఎన్ని అవుతాయో కొలవండి. పది దాటితే పూతమందు ఒక్కటే నెగ్గుకురావడం కష్టం. మీరు రాసిన దాన్నిబట్టి పది ఎప్పుడో దాటింది. అంత ఒంటికి గట్టి స్టెరాయిడ్ పూత నెలల తరబడి రాస్తే అది చర్మంలోంచి రక్తంలోకీ దిగుతుంది. పూత అనేసరికి ప్రమాదం లేదనుకుంటాం గానీ అది నిజం కాదు.

సైక్లోస్పోరిన్ అనే మందు త్వరగా పనిచేస్తుంది, ఒళ్లంతా ఒక్కసారిగా మండిపోయినప్పుడు దానివైపు చూస్తారు. బీపీ, కిడ్నీ కనిపెట్టుకుంటూ కొన్ని నెలలే వాడతారు. అప్రెమిలాస్ట్ అనే రోజువారీ మాత్రకు అమెరికాలో 2024లో ఆరేళ్లు దాటి, కనీసం 20 కిలోలున్న పిల్లలకు అనుమతి వచ్చింది. దానికి తరచూ రక్తపరీక్షలు అక్కర్లేదు, విరేచనాలు, బరువు తగ్గడం చూసుకోవాలి. మెథోట్రెక్సేట్ పడకపోతే దీని గురించి అడగవచ్చు. జీవకణాల నుంచి తయారుచేసే బయోలాజిక్ ఇంజెక్షన్లు ఇంకా బాగా పనిచేస్తాయి, ఖర్చు కూడా ఆ స్థాయిలోనే ఉంటుంది. టీబీ లేదని ముందు గట్టిగా నిర్ధారించుకోవాలి.

మీరు ఏ దారి పట్టినా ఒకటి మాత్రం వద్దంటాను. ఆ ఇంజెక్షన్ మళ్లీ చేయించకండి. నెలలోపే రెట్టింపుగా తిరగబెట్టిన తీరు చూస్తే అది స్టెరాయిడ్ అయి ఉండొచ్చు. స్టెరాయిడ్ ఆగగానే సోరియాసిస్ విరుచుకుపడుతుంది, ఒక్కోసారి ఒళ్లంతా చీము పొక్కులతో ఆసుపత్రిలో పడుకోబెట్టే స్థితికి తెస్తుంది. పసరు సంగతీ ఇక్కడే చెబుతాను. అందులో ఏముందో ఇచ్చే ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. పొట్లం కట్టి ఇచ్చే పొడుల్లో స్టెరాయిడ్, పాదరసం, సీసం దొరికిన సందర్భాలున్నాయి. అత్తగారి మాట కాదనలేక రెండూ కలిపి వాడడం అన్నిటికన్నా ప్రమాదం, ఎందుకంటే రెండూ లివరు మీదే పడొచ్చు. అత్తగారి చేత పాపకు రోజూ స్నానం కాగానే ఒళ్లంతా కొబ్బరినూనె రాయించండి. పెచ్చులు మెత్తబడతాయి, ఆమె చెయ్యీ మనవరాలి వైద్యంలో ఉంటుంది. వంకాయ, గుడ్డు, చేప మాన్పించారని రాశారు. ఆ పత్యం అక్కర్లేదు. ఎదిగే పిల్ల, పెట్టండి.

మాత్ర మొదలుపెడితే ఎంత ఆశించాలి? 2017లో వెలువడిన ఒక పరిశీలనలో 4 నుంచి 18 ఏళ్ల పిల్లలు 114 మందిని చూశారు. 16 వారాలకు జబ్బు ముప్పాతిక వంతు తగ్గినవాళ్లు మెథోట్రెక్సేట్ వాడినవాళ్లలో నూటికి 32 మంది, పూర్తి మోతాదులో అడాలిముమాబ్ అనే బయోలాజిక్ తీసుకున్నవాళ్లలో 58 మంది. మిగిలిన వాళ్లలో కొందరికి కొంత తగ్గి ఉంటుంది, కానీ అందరికీ పూర్తిగా పోదని మీరు ముందే తెలుసుకుని మొదలుపెట్టాలి. మొదటి నెలలో ఏమీ కనిపించకపోవచ్చు. ఎనిమిది, పన్నెండు వారాలకు తేడా తెలియాలి. తగ్గాక కొన్ని నెలలు నిలబెట్టి, మెల్లగా తగ్గించుకుంటూ ఆపుతారు. మళ్లీ రావచ్చు కూడా. అలా వస్తే మందు ఓడిపోయిందని కాదు, ఈ జబ్బు స్వభావమే అంత. గొంతునొప్పి వచ్చినప్పుడు అశ్రద్ధ చేయకండి. పోయిన వానాకాలం దీన్ని రాజేసింది అదే అయి ఉండొచ్చు.

చిన్నవాడి సంగతి. పసిపిల్లల్లో సోరియాసిస్ లంగోటా చోటే మొదలవడం కద్దు. ఎర్రగా, అంచు గీసినట్టు, తొడ ముడతల్లో కూడా ఉంటుంది. కానీ ఒట్టి తడి వల్ల కందినా, పూత లాంటి ఫంగస్ పట్టినా అక్కడే ఎర్రగా అవుతుంది. అక్కకు ఉంది కాబట్టి తమ్ముడికీ ఉండి తీరాలని లేదు. ఉన్నా ఆ వయసులో ఎక్కువమందికి తేలికపాటి పూతతో సరిపోతుంది. నోటి మాత్ర దాకా వెళ్లేది ఒళ్లంతా ఎర్రబడి, చీము పొక్కులు లేచి, జ్వరంతో ఉన్న పసివాళ్ల విషయంలో. వాళ్లను ఆసుపత్రిలో చేర్చి, జన్యులోపం ఏమైనా ఉందేమో చూసి మరీ ఇస్తారు. మీవాడికి అలాంటిదేమీ మీరు రాయలేదు. కొన్నాళ్లు లంగోటా విప్పి గాలి తగలనివ్వండి, పాపతో పాటు వాణ్నీ డాక్టరుకు చూపించండి. పాప ఆయింట్‌మెంటు మాత్రం వాడికి రాయొద్దు. పెచ్చులకు ఇచ్చే ఆయింట్‌మెంట్లలో తరచుగా గట్టి స్టెరాయిడ్‌తో పాటు సాలిసిలిక్ యాసిడ్ ఉంటుంది. లంగోటా కింద, పసి చర్మంలోంచి అవి రెండూ ఒంట్లోకి దిగిపోతాయి. తొమ్మిదో నెల తట్టు టీకా వాడికి ఆలస్యం చేయకండి. వాడికి తట్టు రాకపోతే అక్కకూ రక్షణే.

బడికి మీరే వెళ్లండి. ఇది అంటుకోదని డాక్టరు చేత ఒక కాగితం రాయించుకుని హెడ్‌మాస్టరుకు ఇవ్వండి. పొద్దున పూట వేళ్లు బిగిస్తే రాతపని కాస్త ఆలస్యంగా ఇప్పించమని కూడా అడగండి.

పొట్టి చేతుల గౌను కుట్టమని పాప అడిగిందని, "తగ్గాక కుడతాలే" అన్నానని రాశారు. ఈ వారమే కుట్టేయండి. సాయంత్రం లేత ఎండ ఆ చేతులకు తగిలితే మంచిదే.